ఎన్ని చుట్లు తిప్పాలి? మోటార్‌హోమ్ గుడ్డకీ మన షాపు షట్టర్‌కీ ఉన్న ఒకే స్ప్రింగు కథ

విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్లమ్మాయీ అల్లుడూ అమెరికాలో మోటార్‌హోమ్ కొన్నారట. బండి పక్క నుంచి గది బయటికి జరిగినప్పుడు దాని నెత్తిన పరుచుకునే గుడ్డ వదులైపోయి, వాన పడితే బొజ్జ దిగుతోందట. వీడియోల్లో చూస్తే ఒకరేమో స్ప్రింగుకి ఇంకో నాలుగు చుట్లు ఎక్కించమంటారు, ఇంకొకరేమో దాని జోలికే పోవద్దంటారు, "మీరు చెప్పండి మాస్టారూ, చుట్లు పెంచితే బొజ్జ పోతుందా పోదా?" అని. నాకు స్ప్రింగులంటే ఎంత ఇష్టమో తెలిసే అడిగారేమో, ప్రశ్న చదివాక ఇంక వేరే పని తోచలేదు.

మోటార్‌హోమ్ గురించి పెద్దగా చెప్పను. మనకి కావాల్సింది ఇంతే: బయటికి జరిగే గదిని స్లయిడ్ అవుట్ అంటారు, దాని పైకప్పు మీద ఆకులూ నీళ్లూ చేరకుండా కప్పే గుడ్డని స్లయిడ్ టాపర్ అంటారు. గుడ్డ ఒక అంచు బండి గోడకి బిగించి ఉంటుంది, రెండో అంచు గదితో పాటు కదిలే గొట్టానికి చుట్టుకుని ఉంటుంది. గది బయటికొస్తే గుడ్డ విప్పుకుంటుంది, లోపలికెళ్తే గొట్టంలో ఉన్న స్ప్రింగు దాన్ని మళ్లీ చుట్టేసుకుంటుంది. గుడ్డ చుట్టడానికి ప్రత్యేకంగా మోటారేమీ ఉండదు, ఉన్నదల్లా స్ప్రింగే.

ఇది మనకి కొత్తదేం కాదు. పొద్దున్నే డాబాగార్డెన్స్‌లోనో పూర్ణా మార్కెట్ దగ్గరో నిలబడి చూడండి, షాపతను వంగి షట్టర్ కింద చెయ్యి పెట్టి ఒక్క ఊపు ఊపితే అంత బరువున్న రేకు గడగడా పైకెళ్లిపోతుంది. పైన గొట్టంలో స్ప్రింగు సాయం పడుతోంది కాబట్టే. చాలా షట్టర్లలో ఉక్కు పట్టీని చుట్టగా చుట్టిన స్ప్రింగు ఉంటుంది, టాపర్ గొట్టంలో ఉక్కు తీగని పొడుగ్గా చుట్టిన స్ప్రింగు ఉంటుంది, పని తీరు మాత్రం ఒకటే.

షట్టర్‌లో నాకు ఎప్పటికీ ఆశ్చర్యంగా ఉండే సంగతి ఒకటుంది. పూర్తిగా దించినప్పుడు రేకు మొత్తం బరువు వేలాడుతుంది, స్ప్రింగు కూడా అప్పుడే ఎక్కువగా మెలితిరిగి ఉంటుంది. సగం ఎత్తితే వేలాడే బరువు సగమే, మిగతాది గొట్టం మీద చుట్టుకుపోయింది, స్ప్రింగు కూడా సగం విప్పుకుంది. బరువు తగ్గే లెక్కా స్ప్రింగు బలం తగ్గే లెక్కా దాదాపు ఒకే గీత మీద నడుస్తాయి! స్ప్రింగుని ఎంత తిప్పితే అంత బలంగా ఎదురు తిరుగుతుంది అనేది హుక్ సూత్రం, రాబర్ట్ హుక్ దాన్ని 1676లో అక్షరాలు కలగలిపి పొడుపుకథలా అచ్చేయించి, 1678లో విప్పి చెప్పాడు. షట్టర్‌లో ఆ సూత్రం, వేలాడే రేకు బరువు చక్కగా జోడు కుదిరాయి కాబట్టే చిన్న కుర్రాడు కూడా షట్టర్ ఎత్తగలుగుతున్నాడు.

టాపర్‌లో ఆ జోడు కుదరదు. అక్కడ స్ప్రింగుకి ఎదురుగా బరువేమీ వేలాడదు, గుడ్డని అడ్డంగా లాగి పట్టుకోవడమే పని. గది బయటికి వచ్చేకొద్దీ లాగుడు పెరుగుతూ పోతుంది. లెక్క వేద్దాం. గొట్టం వ్యాసం 5 సెంటీమీటర్లు అనుకుంటే చుట్టుకొలత సుమారు 15.7 సెంటీమీటర్లు, గది మీటరు బయటికి వస్తే గొట్టం ఆరుసార్లకి కాస్త ఎక్కువ తిరుగుతుంది. గది లోపలున్నప్పుడే ముందుగా 3 చుట్లు ఎక్కించి పెట్టారనుకోండి, బయటికొచ్చేసరికి 9 అవుతాయి, అంటే లాగుడు మూడు రెట్లయింది. అదే ముందుగా 10 చుట్లు ఎక్కిస్తే బయటికొచ్చాక 16, అంటే 1.6 రెట్లు మాత్రమే. ఈ ముందు చుట్ల అసలు ప్రయోజనం బలం పెంచడం ఒక్కటే కాదండి, మొదటి నుంచి చివరిదాకా లాగుడు మరీ మారిపోకుండా చూడటం. ముందు చుట్లు తక్కువైతే గది లోపలికి వచ్చే ఆఖరి జానెడులో గుడ్డని లాక్కునే ఓపిక స్ప్రింగుకి ఉండదు, అక్కడే గుడ్డ ముడతలు పడి ఇరుక్కుంటుంది. అలాంటి లక్షణం కనబడితే మాత్రం చుట్లు పెంచడం సరైన మందు.

బొజ్జకి వచ్చేముందు స్ప్రింగు లోపలికి ఒకసారి వెళ్లాలి, ఇది చెప్పకుండా నేను ఉండలేను. ఇంటర్‌లో స్ప్రింగు అంటే కొక్కేనికి వేలాడదీసి బరువులు కట్టే స్ప్రింగే, అక్కడితో పాఠం అయిపోతుంది, ఆ తర్వాత ఈఏపీసెట్ (పాత ఎంసెట్) లెక్కలు. ఆ వేలాడే స్ప్రింగుని సాగదీస్తే లోపల తీగ నిజానికి మెలితిరుగుతుంది. ఇలా గొట్టంలో పెట్టి మెలితిప్పే స్ప్రింగులో తీగేమో వంగుతుంది! సాగదీస్తే మెలి, మెలితిప్తే వంపు. అందుకే ఈ రెండో రకానికి లెక్క వేసేటప్పుడు సాగడానికీ వంగడానికీ ఉక్కు ఎంత ఎదురు తిరుగుతుందో చెప్పే యంగ్ గుణకం (సుమారు 200 గిగాపాస్కల్‌లు) వాడతారు, మెలికి ఎంత ఎదురు తిరుగుతుందో చెప్పే దృఢతా గుణకం కాదు. క్లాసులో ఒక్క పాత టార్చిలైటు స్ప్రింగు, ఒక్క బట్టల క్లిప్పు పిల్లల చేతికిచ్చి ఈ తేడా చూపిస్తే రెండు గుణకాలూ జన్మలో మర్చిపోరు, మనం మాత్రం బట్టీ పట్టిస్తాం.

ఇంకో విచిత్రం. చుట్లు ఎక్కించేకొద్దీ స్ప్రింగు సన్నబడుతుంది, పొడుగవుతుంది. తీగ పొడుగు మారదు కదా, చుట్లు పెరిగితే ఒక్కో చుట్టు చిన్నదవ్వాల్సిందే. 100 చుట్లూ 30 మిల్లీమీటర్ల సగటు వ్యాసం ఉన్న స్ప్రింగుకి 10 చుట్లు ఎక్కిస్తే 110 చుట్లు అవుతాయి, వ్యాసం 27.3కి దిగుతుంది. తీగ మందం 3 మిల్లీమీటర్లయితే లోపలి ఖాళీ 27 నుంచి 24.3కి తగ్గుతుంది. లోపల 25 మిల్లీమీటర్ల ఇరుసు ఉందనుకోండి, స్ప్రింగు దాన్ని కరుచుకుపోతుంది, అక్కడి నుంచి తిప్పే ప్రతి చుట్టూ తీగని చంపడమే. తీగ మందం ప్రభావం అయితే ఇంకా ఘోరం, నాలుగో ఘాతంలో ఉంటుంది: 10 శాతం లావు తీగ వేస్తే స్ప్రింగు 46 శాతం గట్టిదవుతుంది. పైకి ఒకేలా కనబడే రెండు స్ప్రింగులకి "పది చుట్లు" అనే మాట ఒకే అర్థం ఇవ్వదు. కాబట్టి ఎన్ని చుట్లు అన్నది ఆ కంపెనీ, ఆ పొడుగు గొట్టానికి మాన్యువల్‌లో ఇచ్చిందే, పక్కవాడి బండి అంకె కాదు.

ఇప్పుడు బొజ్జ. అడ్డంగా కట్టిన ఏ గుడ్డా తిన్నగా ఉండదు, ఎంత లాగినా. గుడ్డ బరువు చదరపు మీటరుకి అరకిలో, గోడకీ గొట్టానికీ మధ్య దూరం మీటరు అనుకుందాం. మధ్యలో 1 సెంటీమీటరు మాత్రమే దిగాలంటే గొట్టం ప్రతి మీటరు పొడుగుకీ 6 కిలోల పైచిలుకు లాగాలి. అర సెంటీమీటరుకి తగ్గించాలంటే రెట్టింపు, పన్నెండున్నర. 1 మిల్లీమీటరుకి తేవాలంటే 62 కిలోలు, గొట్టం 4 మీటర్లుంటే మొత్తం 250 కిలోలు! అంత లాగితే ముందు గుడ్డ కుట్టు ఊడుతుంది.

ఇది పొడి గుడ్డ సంగతి. వాన నీళ్లు సగటున 5 మిల్లీమీటర్లు నిలిచినా చదరపు మీటరుకి 5 కిలోలు కలిశాయి, బరువు పదకొండు రెట్లయింది, గుడ్డ ఇంకా దిగింది, దిగితే ఇంకా నీళ్లు పట్టాయి, పడితే ఇంకా దిగింది. స్ప్రింగు ఆపొచ్చు కదా అంటారా? గుడ్డ మధ్యలో 10 సెంటీమీటర్లు దిగడానికి గొట్టం నుంచి ఎంత గుడ్డ ఎక్కువ రావాలో తెలుసా, 2.7 సెంటీమీటర్లు. అంతే. గొట్టం చుట్టులో ఆరో వంతు. అప్పటికే 16 చుట్లు తిరిగి ఉన్న స్ప్రింగుకి ఆరో వంతు చుట్టు కలిస్తే బలం ఒక్క శాతం పెరుగుతుంది, పైన బరువు పదిరెట్లు పెరుగుతుంటే! నీళ్లు వచ్చిన సంగతే స్ప్రింగుకి తెలీదు. ఇందాక లాగుడు మారకుండా ఉండటం మంచిదన్నాను కదా, ఆ గుణమే ఇక్కడ చేటు చేస్తోంది. నీళ్లకి కావాల్సింది వాలు. బండిని లెవెల్ చేసేటప్పుడు కాస్త ఒక పక్కకి వంచితే నీళ్లు జారిపోతాయి, లేదా గదిని అడుగో అడుగున్నరో లోపలికి తెచ్చి నీళ్లు కార్చేసి మళ్లీ బయటికి పంపాలి.

మరీ బిగిస్తే బొజ్జ పెరగడం కూడా ఉంది. గొట్టం రెండు చివర్లా మాత్రమే ఆనుకుని ఉంటుంది, గుడ్డ దాన్ని పొడుగంతా గోడ వైపు లాగుతుంటే గొట్టం నడుమ వంగుతుంది, వంగిన చోట గుడ్డ వదులవుతుంది, చివర్లు మాత్రం తీగలా బిగుసుకుంటాయి. ఈ వంపు పొడుగుకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, 3 మీటర్ల గొట్టం కంటే 5 మీటర్ల గొట్టం దాదాపు ఎనిమిది రెట్లు వంగుతుంది. అందుకే పొడుగు టాపర్లకి కొన్నిటిలో మధ్యలో ఆసరా పెడతారు. చివర్లు బిగుతు, నడుమ వదులు కనబడితే చుట్లు తగ్గించి చూడాలి, పెంచి కాదు.

మన ఊళ్లో షట్టర్ స్ప్రింగు విరిగితే తుపాకీ పేలినట్టు మోగుతుంది, వెంటనే దిష్టి తగిలిందని నిమ్మకాయలూ మిరపకాయలూ కొత్తవి కడతారు. కట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు, కానీ ఆ విరిగిన ముక్క చివర ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. అంచున గోధుమరంగు తుప్పు గుంట, అక్కడి నుంచి నున్నగా విచ్చుకున్న పగులు, మిగతా సగం గరుకుగా ఒక్కసారిగా తెగింది. వంగే తీగలో ఒత్తిడి అంతా ఉపరితలం మీదే ఎక్కువ, బీచ్ రోడ్డు ఉప్పుగాలి కొరికేదీ ఉపరితలాన్నే. ఒక్క చోట తీగ 10 శాతం సన్నబడితే చాలు, అక్కడ ఒత్తిడి 37 శాతం పెరుగుతుంది. అమెరికాలో గరాజు తలుపుల స్ప్రింగులు మామూలుగా 10,000 సార్లు తీసి మూయడానికని అమ్ముతారు, రోజుకి రెండుసార్లు తీసి మూసే షాపులో అది 14 ఏళ్లలోపే అయిపోతుంది. మోటార్‌హోమ్ టాపర్ అన్నిసార్లు కదలదు, అది అలసి చచ్చేకంటే తుప్పు పట్టి చచ్చే అవకాశమే ఎక్కువ.

ఇక చెయ్యి పెట్టే పద్ధతి. కంచరపాలెంలో షట్టర్ మేస్త్రి పని మొదలెట్టే ముందు గొట్టం మీద సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గీస్తాడు, పైపు పానాతో ఆ గొట్టాన్ని తిప్పుతూ గీత పైకొచ్చిన ప్రతిసారీ "ఒకటి, రెండు" అని గట్టిగా లెక్కపెడతాడు, కింద కుర్రాడు తిరిగి చెప్తాడు. "లెక్క తప్పితే మొత్తం ఇప్పీసి మళ్లీ ఎట్టాలి బాబూ, అందాజాగా ఏస్తే సెయ్యి పోద్ది" అన్నాడు నాతో. టాపర్‌కీ అచ్చం ఇదే, అక్కడ గీత తిప్పే ఇరుసు చివర మీద గీయాలి. చాలా మోడళ్లలో ఒక చివర ఆ ఇరుసుని తిరగకుండా ఆపే పిన్నో స్క్రూనో ఉంటుంది. గ్రిప్ ప్లయర్‌తో ఇరుసుని గట్టిగా పట్టుకుని, స్ప్రింగు బలం మొత్తం మీ చేతిలోకి వచ్చిందని తెలిశాకే పిన్ను తియ్యాలి, ఒక్కో చుట్టు తిప్పి, చూసి, పిన్ను మళ్లీ పెట్టాకే ప్లయర్ వదలాలి. నిచ్చెన మీద ఒక్కరే ఉండి చేసే పని కాదు.

గది లోపలున్నప్పుడు చేస్తే ఎంత, బయటున్నప్పుడు చేస్తే ఎంత అన్న తేడా కూడా చూడండి. బయటున్నప్పుడు గుడ్డ మొత్తం 25 కిలోల లాగుడు మీద ఉండే టాపర్ తీసుకుంటే, 10 చుట్ల దగ్గర స్ప్రింగులో దాగున్న శక్తి సుమారు 120 జౌళ్లు, అంటే 12 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడ్డంత. 16 చుట్ల దగ్గర 300 దాటుతుంది. చుట్లు ఒకటిన్నర రెట్లకి కాస్త ఎక్కువే, శక్తి మాత్రం రెండున్నర రెట్లు. గదిని ఏ స్థితిలో ఉంచి పిన్ను తియ్యాలో మాన్యువల్‌లో రాసి ఉంటుంది, అల్లుడుగారికి ముందు ఆ పేజీ తీసి చూడమనండి.