మన ఊరి సమస్య అసెంబ్లీలో ప్రశ్న అయ్యేదెలా? కొన్ని అపోహలు - వాస్తవాలు

పల్లెలే ఎక్కువున్న ఒక నియోజకవర్గంలో ఎమ్మెల్యే దగ్గర అసెంబ్లీ పని చూస్తాను. ప్రశ్నలు రాయడం, వాటికి కావాల్సిన కాగితాలు పోగేయడం, జవాబు వచ్చాక దాన్ని పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం, ఇదీ నా పని. సమావేశాల తేదీలు పేపర్లో పడగానే ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఈసారైనా మా రోడ్డు గురించి సార్‌తో గట్టిగా మాట్లాడించు" అంటారు. ఆ 'గట్టిగా' అనే మాట దగ్గరే చాలామంది పొరబడుతున్నారు, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: సభలో ఎంత గట్టిగా నిలదీస్తే అంత పని జరుగుతుంది.

టీవీలో మీకు కనబడేది చివరి రెండు నిమిషాలు. దాని వెనక వారాల పని ఉంటుంది. నోటీసు ముందుగానే ఇవ్వాలి, లోక్‌సభలో అయితే కనీసం 15 రోజుల ముందు. స్పీకర్ అనుమతించాలి. అప్పుడు ప్రశ్న శాఖకు వెళ్తుంది. సచివాలయం నుంచి శాఖాధిపతికి, అక్కడి నుంచి జిల్లాలో ఇంజినీర్లకు, అంటే ఎస్ఈకి, ఈఈకి, డీఈకి, చివరికి మన మండలంలో ఏఈ టేబుల్ మీదకు వచ్చి పడుతుంది. కాగితం మీద ఎల్ఏక్యూ, అంటే అసెంబ్లీ ప్రశ్న, అని కనబడితే చాలు, మిగతా ఫైళ్లన్నీ పక్కకు జరుగుతాయి. మూడు వానాకాలాలు ఎవరూ తొంగిచూడని కల్వర్టు దగ్గరకు ఆ రోజు జీపు వస్తుంది, టేపు పెట్టి కొలుస్తారు, ఫొటోలు తీస్తారు, సర్పంచ్‌ను పిలిచి ఏ నెలలో కొట్టుకుపోయిందో రాసుకుంటారు. జవాబులో "పనులు పురోగతిలో ఉన్నవి" అని రాసుకోవడం కోసం ప్రశ్న సభకు రాకముందే కంకర తోలించిన సందర్భాలు నేను చూశాను. అలా జరిగితే నాకు సంతోషమే, ఎందుకంటే మనకు కావాల్సింది రోడ్డు.

ఇంకో సంగతి. కోపమంతా ప్రశ్నలోనే పెడితే అది సభ గడప కూడా దాటదు. లోక్‌సభ నిబంధనల ప్రకారం ప్రశ్న 150 మాటలు మించకూడదు, అందులో వాదన ఉండకూడదు, వ్యంగ్యం ఉండకూడదు, ఆరోపణ ఉండకూడదు, కోర్టు విచారణలో ఉన్న విషయం అడగకూడదు. అసెంబ్లీల్లోనూ దాదాపు ఇదే పద్ధతి.

అపోహ: సమస్య నిజమైనదైతే ఎలా అడిగినా సరైన జవాబే వస్తుంది.

ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నది. మా దగ్గర ఒక పీహెచ్‌సీ(ప్రాథమిక ఆరోగ్య కేంద్రం)లో నెలల తరబడి డాక్టర్ లేరు. పురిటి నొప్పులొస్తే ఆటోలో టౌనుకు పోవాల్సిందే. నేను మామూలు పద్ధతిలోనే రాశాను: అ) ఫలానా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారి పోస్టు ఖాళీగా ఉన్న మాట వాస్తవమేనా? ఆ) అయినచో, ఎప్పటిలోగా భర్తీ చేస్తారు?

జవాబు రెండే లైన్లు. అ) కాదండి. ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు.

ఆ కాగితం పట్టుకుని ఊరికి వెళ్లాను. సర్పంచ్ రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా నన్ను పీహెచ్‌సీకి తీసుకెళ్లారు. డాక్టర్ గదికి తాళం, తాళం మీద తుప్పు. బయట అరుగు మీద పసిబిడ్డను ఒళ్లో వేసుకుని ఒకామె నర్సమ్మ కోసం ఎదురుచూస్తోంది. కానీ జవాబులో అబద్ధం లేదు. పోస్టు ఖాళీగా లేదు, డాక్టర్‌ ఉన్నారు, జీతం బిల్లు ఈ పీహెచ్‌సీ పేరు మీదే అవుతోంది. ఆయన మాత్రం డెప్యుటేషన్ మీద ఇంకో ఊళ్లో పనిచేస్తున్నారు. నేను "ఖాళీ" అని అడిగాను కాబట్టి వాళ్లు "కాదు" అన్నారు. తప్పు నా ప్రశ్నలో ఉంది.

తర్వాతి సమావేశాల్లో మళ్లీ అడిగాం. మంజూరైన పోస్టులెన్ని, వాటిలో భర్తీ అయినవెన్ని, అందులో వేరేచోట డెప్యుటేషన్ మీద ఉన్నవారెందరు, ఏ ఉత్తర్వు మీద, ఏ తేదీ నుంచి, గత ఆరు నెలల్లో నెలవారీ ఓపీ (వచ్చి చూపించుకున్న రోగులు) ఎంత? ఈసారి జవాబు పట్టికతో సహా వచ్చింది. ఆ పట్టిక అందరికీ కనబడ్డాక ఆ డెప్యుటేషన్‌ను సమర్థించడం ఎవరివల్లా కాలేదు. కొన్ని వారాలకు డాక్టర్ తిరిగొచ్చారు.

అప్పటి నుంచి "వాస్తవమేనా" అనే మాట ఒక్కటే నమ్ముకుని ప్రశ్న రాయను. నల్గొండ, కనిగిరి వైపు ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు. అక్కడ "ఫ్లోరైడ్ సమస్య ఉన్న మాట వాస్తవమేనా" అంటే "అవునండి, చర్యలు తీసుకుంటున్నాం" అని సరిపెడతారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఆవాసాలు ఏవేవి, శాంపిల్ ఏ తేదీన తీశారు, ఆ ఊళ్లకు గత నెలలో ఎన్ని రోజులు మంచి నీళ్లిచ్చారు అని అడిగితే ఎవరో ఒకరు రిజిస్టర్ తెరవక తప్పదు.

అపోహ: సభ వాయిదా పడితే మన ప్రశ్న పోయినట్టే.

పోదు. నక్షత్రం గుర్తున్న ప్రశ్నలకు మంత్రి నోటితో జవాబివ్వాలి, గుర్తు లేనివాటికి రాతపూర్వకంగా ఇస్తారు. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర ప్రశ్నలు, 230 నక్షత్రం లేనివి ఉంటాయి. ఆ 20లో ప్రశ్నోత్తరాల గంట గడిచేసరికి కొన్నే పిలుపునకు వస్తాయి, మిగతావాటికి రాతపూర్వక జవాబు సభ ముందు పెడతారు. అంటే గొడవలో సభ కొట్టుకుపోయినా జవాబు రికార్డులో ఉంటుంది, దాన్ని చూపించి జిల్లా ఆఫీసులో అడగొచ్చు. పోయేది అనుబంధ ప్రశ్న, దానికి మాత్రం నిజంగా బాధపడాలి. 1892 చట్టంతో మన దేశంలో సభ్యులకు ప్రశ్న అడిగే హక్కు వచ్చింది గానీ, జవాబు విన్నాక ఎదురు అడిగే హక్కు లేదు. అది 1909లో వచ్చింది. మంత్రి "కాదండి" అన్నప్పుడు లేచి "అయితే డాక్టర్ ఎక్కడున్నారు" అని అడిగే అవకాశమే అనుబంధ ప్రశ్న. వాయిదాలతో కరిగిపోతున్నది అదే.

అపోహ: ఎమ్మెల్యే వల్ల కానిది ఎంపీ అడిగితే అయిపోతుంది.

ఆ రోడ్డు ఎవరిదో ముందు తెలుసుకోవాలి. పంచాయతీరాజ్‌దా, ఆర్ అండ్ బీదా? ఒక శాఖ రోడ్డు గురించి ఇంకో శాఖ మంత్రిని అడిగితే "మా పరిధి కాదు" అన్న జవాబుతో ఒక సమావేశం మొత్తం వృథా అవుతుంది. జాతీయ రహదారి, వానొస్తే నీళ్లు నిలిచే రైల్వే అండర్‌బ్రిడ్జి, 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన లాంటి కేంద్ర పథకాల పనులు, ఇవి ఎంపీ అడగదగ్గవి.

అపోహ: అధికార పార్టీ ఎమ్మెల్యే ప్రశ్న అడగడు.

అడుగుతారు, చాలా అడుగుతారు. నిధుల కోసం మంత్రి చాంబర్ చుట్టూ పదిసార్లు తిరిగే కంటే ఒక్క ప్రశ్న త్వరగా పనిచేస్తుందని వాళ్లకీ తెలుసు.

అపోహ: "పరిశీలనలో ఉంది" అంటే తప్పించుకున్నట్టే.

మనం వదిలేస్తే తప్పించుకున్నట్టే. "పరిశీలిస్తాం", "వివరాలు సేకరిస్తున్నాం" లాంటి మాటలను పార్లమెంటు హామీల కిందే లెక్క గడుతుంది. లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ 1953 నుంచీ ఉంది, ఇచ్చిన హామీని మూడు నెలల్లో నెరవేర్చాలన్నది నియమం. అసెంబ్లీకీ హామీల కమిటీ ఉంటుంది. గడువు తప్పుతున్న హామీలు బోలెడు ఉన్నాయి, కాదనను. అందుకే నేను ప్రతి జవాబునూ తేదీతో సహా ఒక నోటు పుస్తకంలో రాసుకుంటాను, తర్వాతి ప్రశ్న అక్కడి నుంచే మొదలుపెడతాను: "ఫలానా తేదీన ఇచ్చిన జవాబులో పరిశీలనలో ఉందన్న ప్రతిపాదన ఇప్పుడు ఏ దశలో ఉంది?" ఇలా అడిగినప్పుడు పాత జవాబునే మళ్లీ రాసి పంపడం ఏ ఆఫీసర్‌కైనా ఇబ్బందే.

అపోహ: ఇందులో ఊళ్లోవాళ్లు చేసేదేమీ లేదు.

నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది సమస్య చెప్తారు, వివరం చెప్పరు. "రోడ్డు బాలేదు సార్" అంటే నేను ప్రశ్న రాయలేను. ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఎన్ని కిలోమీటర్లు, చివరిసారి తారు ఎప్పుడు వేశారు, బస్సు ఏ నెల నుంచి ఆగింది, బడికి పోయే పిల్లలెందరు నడుస్తున్నారు, ఇవి కావాలి. గ్రామసభ తీర్మానం నకలు, సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీ రసీదు, రోడ్డు పక్కన పని వివరాల బోర్డు ఉంటే దాని ఫొటో తెచ్చుకోండి. సమావేశాలు మొదలయ్యాక కాదు, నెల ముందు రండి.