ఇలస ఈదే ఏట్లో ఒక శుక్రవారం

చిట్టితల్లికీ చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో చిన్నోడు "తాతా, ఢాకాలో సెలవు రోజున ఏం చేస్తావు?" అని అడిగితే "బట్టలుతుక్కుంటాను" అన్నాను. మీ ఇద్దరి మొహాలూ చిన్నబోయాయి. అందుకే ఈ ఉత్తరం. ఇక్కడ వారం సెలవు శుక్రవారం. పోయిన శుక్రవారం ఉతకాల్సిన బట్టల్ని మూటలోనే వదిలేసి, లాంచీ ఎక్కి చాంద్‌పూర్ వెళ్ళి రాత్రికి తిరిగొచ్చాను.

ఢాకాకి దక్షిణాన పారే ఏటి పేరు బుడిగంగ. ముసలమ్మ గంగ అని అర్థం. దాని ఒడ్డున సదర్‌ఘాట్ రేవు. రాజమండ్రిలో పుష్కరాలప్పుడు రేవు ఎలా ఉంటుందో, ఇక్కడ మామూలు రోజు అలా ఉంటుంది. పేరుకి లాంచీలే గానీ, ఒక్కోటి మూడంతస్తుల మేడంత. గట్టుకి ముక్కులు ఆనించి పక్కపక్కనే నిలబడతాయి. వాటి మధ్య సందుల్లోంచి చిన్న చిన్న పడవలు జనాన్ని అవతలి ఒడ్డుకి దాటిస్తుంటాయి. ఒక్క మనిషి, ఒక్క తెడ్డు. అవతల కేరానీగంజ్ ఒడ్డంతా ఓడలు బాగుచేసే యార్డులు. లాంచీ కదిలిన అరగంట దాకా ఇనుము మీద సుత్తి దెబ్బల చప్పుడు వినబడుతూనే ఉంది.

నీళ్ళు మాత్రం నల్లగా ఉంటాయి. ఇప్పుడు వానలు పడ్డాయి కాబట్టి నయం, చలికాలంలో అయితే ముక్కు మూసుకోవాల్సిందే. తోళ్ళు శుద్ధిచేసే కర్మాగారాలు చాలాకాలం ఈ ఒడ్డునే ఉండేవి. 2017లో వాటిని ఢాకా శివారులోని సావార్‌కి తరలించారు. ఆ కొత్త చోటు ధలేశ్వరి అనే ఇంకో ఏటి పక్కనే! నేను పనిచేసేదీ బట్టలకి రంగులద్దే మిల్లులోనే కాబట్టి పూర్తిగా తోళ్ళవాళ్ళ మీదే తోసెయ్యలేను. మిల్లుల్లో మురుగు శుద్ధి ప్లాంట్లు ఉంటాయి గానీ, అన్నిట్లో ఉన్నాయనీ, ప్రతిరోజూ నడుస్తాయనీ మాత్రం నేను ప్రమాణం చెయ్యను. మీ టీషర్టు మెడ వెనక చీటీ చూడండి. అక్కడ బంగ్లాదేశ్ అని ఉంటే, ఆ రంగులో కొంచెం ఇక్కడి నీళ్ళలో కలిసే ఉంటుంది. 2019లో ఇక్కడి హైకోర్టు, నదులకి కూడా మనిషికున్నట్టే చట్టపరమైన హక్కులుంటాయని తీర్పు చెప్పింది. నదికి చదువు రాదు కదా, ఇంకా నల్లగానే ఉంది.

నేను డెక్ మీద చాప పరుచుకున్న ఓ కుటుంబం పక్కన కూర్చున్నాను. నాకు బెంగాలీ అంతంతమాత్రం, వాళ్ళకి తెలుగు సున్నా. అయినా లాంచీ మాటలు కలిసిపోయాయి. లాంచీ నడిపే పెద్దాయన్ని వాళ్ళు "సారెంగ్" అన్నారు. మన గోదారి మీద సరంగు! పనివాళ్ళు "ఖలాసీ"లు, మన కళాసీలే. చక్రం పట్టుకునే మనిషి "సుకాని". మనం చుక్కాని అని తెడ్డునంటాం, వీళ్ళు మనిషినంటారు. ఓడలవాళ్ళ మాటలకి పాస్‌పోర్టు అక్కర్లేదు కాబోలు. ఇంతలో మరమరాలవాడొచ్చాడు. మన పిడతకింద పప్పులాంటిదే, కాకపోతే ఆవనూనె ఘాటు నెత్తికెక్కుతుంది. వెనకాలే అంబాళం కాయల్ని పువ్వులా కోసి, పుల్లకి గుచ్చి, ఉప్పూ కారం చల్లి అమ్మేవాడు. రెండు తిన్నాను. అమ్మమ్మకి చెప్పకండి, పళ్ళ డాక్టరు వద్దన్నాడు.

ధలేశ్వరిలోకి వచ్చేసరికి నీళ్ళ రంగు విరిగింది, గాలి మారింది. ఇక్కడ మీరు చూడాల్సింది ఇసక పడవలు. నిండా ఇసక పోసుకుని, అంచు నీటికి జానెడు పైన ఉండేలా వెళ్తుంటాయి. దూరం నుంచి చూస్తే ఇసక గుట్టే ఈదుకుంటూ వస్తున్నట్టుంటుంది. గట్టు మీద ఇటుక బట్టీల పొగగొట్టాలు. ఇన్ని బట్టీలెందుకో తెలుసా? ఈ దేశంలో రాయి చాలా తక్కువ. నేలంతా నదులు మోసుకొచ్చిన ఒండ్రు. అందుకని కాంక్రీటులో కంకరకి బదులు చాలాచోట్ల కాల్చిన ఇటుకని ముక్కలు కొట్టి వేస్తారు. మన కోనసీమలో గునపం దించితే ఎక్కడైనా రాయి తగులుతుందా? అదే సంగతి.

చిన్నోడా, నీకు ఇంజన్లంటే ఇష్టం కదా. టకటకటకమని వెళ్ళే నాటు పడవలు చూస్తే నువ్వు దిగనంటావు. పొలానికి నీళ్ళు తోడే డీజిల్ ఇంజన్‌నే పడవ వెనక బిగించేశారు. 1980ల నుంచి ఇలా మొదలై, తెరచాపలు దాదాపు మాయమైపోయాయి. నేను రోజంతా వెతికితే ఒక్క తెరచాప కనబడలేదు.

మేఘన అనే పెద్ద ఏట్లోకి వచ్చాక అవతలి ఒడ్డు సన్నని గీత అయిపోయింది. మధ్యలో లంకలు. వీళ్ళు "చర్" అంటారు. లంకల మీద ఇళ్ళన్నీ రేకు గోడలు, రేకు కప్పులు. బీదతనం ఒక్కటే కారణమనుకున్నాను. పక్కనున్న ఆయన చేతులతో విప్పి, మడిచి, పడవలో పెట్టి చూపించాడు. ఏరు గట్టు కోసేస్తే ఇల్లు విప్పుకుని ఇంకో లంక మీద బిగించుకుంటారట. మా చిన్నప్పుడు గోదారి కోతకి మా మేనత్త వాళ్ళ కొబ్బరితోట వరస తరవాత వరస కూలిపోతుంటే, మావయ్య గట్టు మీద కూర్చుని చెట్లు లెక్కపెట్టుకునేవాడు. చెట్లని విప్పి మడవలేం కదా.

మూడున్నర గంటలకి చాంద్‌పూర్. ఇక్కడ పద్మా, మేఘనా కలుస్తాయి. పద్మ అంటే ఎవరో కాదు, అమ్మమ్మ కాశీలో మునిగిన గంగే, దారిలో బ్రహ్మపుత్రని కూడా కలుపుకుని ఇక్కడిదాకా వచ్చింది. ఒకటి టీ రంగు, ఒకటి కాస్త తేట. కొంత దూరం కలవకుండా పక్కపక్కనే నడుస్తాయి. సుడులు బాగా తిరుగుతుంటాయి, అంచుకి పోవద్దని ఓ కుర్రాడు నన్ను చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు.

అక్కడి చేపల రేవులో మంచు పెళ్ళల మధ్య వెండిలా మెరిసే చేపల్ని చూపించి పేరడిగాను. "ఇలిష్" అన్నాడు. ఇలస! మన పులసే. సముద్రంలో ఉన్నంతసేపు ఇలస, గుడ్లు పెట్టడానికి గోదారిలోకి ఎదురీదితే పులస. పుస్తెలమ్మి అయినా తినాలనే చేప. మన దగ్గర ధవళేశ్వరం ఆనకట్ట దాకా వచ్చి ఆగిపోతుంది. గంగ మీద మన పశ్చిమ బెంగాల్లో 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక ఇక్కడి ఇలిష్‌దీ అదే కథ. ఇక్కడ ఏటా అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు పట్టడం నిషేధం, తల్లి చేపలు గుడ్లు పెట్టుకోవాలి కదా. ఆ రోజుల్లో జాలర్లకి ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. బియ్యం సరే, అప్పు కంతులెవరు కడతారని వల బాగుచేసుకుంటున్న ఒకాయన నన్నే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ముక్కలు ఆవనూనెలో వేయించి పెట్టారు. బాగుంది. కానీ ఇంత మంచి చేపకి చింతపండు పులుసు, బెండకాయలు, ఓ రాత్రి నిలవ లేకపోవడమేమిటో! ఆ మాట పైకి అనలేదు, ఇక్కడ ఇలిష్ మీద గొడవపడితే వీసా రద్దు చేస్తారు.

తిరుగుదారిలో చీకటిపడింది. లాంచీ పైనున్న పెద్ద లైటు ఇటూ అటూ తిప్పుతూ, వలలకి కట్టిన బెండ్లు కనబడినప్పుడల్లా కూత వేస్తూ వచ్చాం. బట్టలు ఇంకా మూటలోనే ఉన్నాయి.

ఈ ఆదివారం నాన్నతో ధవళేశ్వరం వెళ్ళండి. ఆనకట్ట కింద నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో, పులస ఎంత చెబుతున్నారో చూసి నాకు రాయండి. కొనమని నాన్నని సతాయించొద్దు.

ప్రేమతో,
తాతయ్య