అంతరిక్ష నౌకల పేర్ల వెనుక వైఫల్య భయం

1965 మార్చి 23న ఇద్దరు వ్యోమగాములతో బయలుదేరిన జెమిని-3 నౌకకు కమాండర్ గస్ గ్రిస్సమ్ పెట్టుకున్న పేరు మోలీ బ్రౌన్. టైటానిక్ ప్రమాదం నుంచి బతికి బయటపడి, మునగని మనిషిగా పేరుపడిన మహిళ ఆమె. అంతకు నాలుగేళ్ల ముందు గ్రిస్సమ్ ప్రయాణించిన లిబర్టీ బెల్-7 నౌక అట్లాంటిక్‌లో దిగాక, తలుపు ఉన్నట్టుండి ఊడిపోవడంతో నీరు నిండి మునిగిపోయింది. ఈసారైనా మునగకూడదన్న ఎత్తిపొడుపు, తన మీద తానే వేసుకున్నది, ఆ పేరులో ఉంది. నాసా అధికారులకు అది రుచించలేదు. మరో పేరు చెప్పమంటే గ్రిస్సమ్ టైటానిక్ అన్నారు. మోలీ బ్రౌనే నయమనుకుని వారు ఊరుకున్నారు.

అమెరికా తొలి మానవసహిత యాత్రలైన మెర్క్యురీ నాటి నుంచి వ్యోమగాములకు ఉన్న, నౌకకు పేరు పెట్టుకునే ఈ చనువు ఆ తర్వాత రద్దయి, జెమిని నౌకలకు అంకెలే మిగిలాయి. నిషేధం సడలింది మనసు మారి కాదు, అవసరం పడి. 1969 మార్చిలో అపోలో-9 యాత్రలో రెండు నౌకలు విడివిడిగా ఎగరాల్సి ఉండటంతో, రేడియోలో దేనిని పిలుస్తున్నారో తెలియడానికి రెండు పేర్లు కావలసి వచ్చాయి. కాళ్లు చాచిన చంద్రనౌక స్పైడర్ అయింది, మాతృనౌకకు గమ్‌డ్రాప్ అని మిఠాయి పేరు పెట్టారు. అపోలో-10 సిబ్బంది కార్టూన్ పాత్రలైన చార్లీ బ్రౌన్, స్నూపీలను ఎంచుకున్నారు. చంద్రుడిపై కాలుమోపే యాత్రకు ఈ సరదా తగదని పైవారు భావించడంతో అపోలో-11కు కొలంబియా, ఈగిల్ అనే గంభీరమైన పేర్లు వచ్చాయి.

సోవియట్ యూనియన్‌ది మరింత ముందుచూపు. శుక్రుడి వైపు పంపిన నౌక భూకక్ష్యను దాటితేనే వెనెరా, అంటే రష్యన్‌లో శుక్రుడు. దాటకపోతే రకరకాల ఉపగ్రహాలకు ఇచ్చే కాస్మోస్ అనే ఉమ్మడి పేరు వరుసలో ఇంకో అంకె. 1972 మార్చి 27న బయలుదేరినది వెనెరా-8 అయింది. నాలుగు రోజుల తర్వాత వెళ్లిన దాని జంట భూమి చుట్టూనే చిక్కుకుపోయి కాస్మోస్-482గా నమోదైంది. ఎక్కడికి వెళ్లాల్సిందో చెప్పని ఆ పేరుతోనే దాని దిగుడు భాగం 53 ఏళ్లు తిరిగి, 2025 మే 10న భూవాతావరణంలోకి పడిపోయింది.

అమెరికా వాతావరణ ఉపగ్రహాలైన గోస్ శ్రేణిలోనూ ఇదే జాగ్రత్త ఉంది, కాకపోతే దాపరికం లేదు. ప్రయోగానికి ముందు అక్షరం, కక్ష్యలో కుదురుకున్నాక అంకె ఇస్తారు. 1986 మేలో రాకెట్ విఫలమై గోస్-జి నాశనం కాగా, దానికి దక్కాల్సిన 7 మరుసటి ఏడాది గోస్-హెచ్‌కు వెళ్లింది. అందుకే కక్ష్యకు చేరిన ఉపగ్రహాల జాబితాలో 6 తర్వాత 7 ఉన్నా, ఎఫ్ తర్వాత హెచ్ కనిపిస్తుంది.