ఫోన్ ఎందుకు కట్ చేశానంటే

చిన్నూ, బుజ్జీ,

మొన్న సాయంత్రం మీరు ఫోన్ చేస్తే హలో కూడా అనకుండా కట్ చేశానని బుజ్జి అలిగిందట. మీ నాన్న చెప్పాడు. అప్పుడు నేనెక్కడున్నానో రాస్తాను. చదివాక కూడా కోపం పోకపోతే సరే, తిట్టు.

హన్మకొండ నుంచి కరీంనగర్, లక్సెట్టిపేట మీదుగా జన్నారం పోయాను. అక్కడి కవ్వాల్ అడవిని 2012లో టైగర్ రిజర్వ్ చేశారు. సాయంత్రం సఫారీ జీపెక్కాం. గైడ్ పక్క గూడెం పిల్లగాడే.

ఎండాకాలం కదా, టేకు చెట్లన్నీ బోడిగా ఉన్నాయి. ఎండుటాకుల మీద ఉడుత నడిచినా వినిపిస్తుంది. వాగులు ఎండిపోతాయని అటవీశాఖ వాళ్లు నేలలో సిమెంటుతో పళ్లెంలాంటి తొట్లు కట్టించి నీళ్లు నింపుతారు. సాసర్ పిట్లు అంటారు. అలాంటి ఒకదానికి కాస్త దూరంలో జీపు ఆపి ఇంజన్ బంద్ చేశారు. పగలంతా నీడన పడుకున్నవి ఎండ తగ్గాక నీళ్లకు వస్తాయి. వాటిని తినేవాటికీ ఆ సంగతి తెలుసు.

తొట్టి దగ్గర ఏడెనిమిది చుక్కల దుప్పులు, పైన చెట్టు మీద కొండముచ్చులు. ఈ రెండింటికీ దోస్తీ. కొండముచ్చు పైనుంచి దూరం చూస్తుంది, దుప్పి కింద వాసన పడుతుంది. ఎవరు ముందు పసిగట్టినా అరుస్తారు, ఇద్దరూ బతుకుతారు. పైగా కొండముచ్చు సగం కొరికి పారేసిన కాయలూ ఆకులూ దుప్పికే.

పొద్దు గుంకుతుండగా ఒక ఆడ దుప్పి తల ఎత్తింది. ముందు కాలు నేలకేసి టక్కున కొట్టింది. ఆగి, మళ్లీ కొట్టింది. తోక పైకి లేచి కిందివైపు తెలుపు కనిపించింది. చెవులు రెండూ ఒకే దిక్కు. నేను పులే అనుకున్నాను. గైడ్ నోటి మీద వేలు పెట్టుకుని ఎడమ వైపు చూపించాడు. ఎర్రమట్టి రంగు ఒళ్లు, నల్లటి గుబురు తోక. ఒకటి కాదు, ఐదు. రేచుకుక్కలు!

పులి ఎక్కువ దూరం పరుగెత్తలేదు. పొదల చాటున దగ్గరిదాకా పాకి వచ్చి ఒక్కసారిగా దూకాలి. దాని నారింజ రంగు మన కళ్లకే అంత కొట్టొచ్చినట్టు ఉంటుంది, దుప్పి కళ్లకు ఆకుల రంగులో కలిసిపోతుంది. రేచుకుక్కలకు ఈ దాగుడుమూతలు పెద్దగా అక్కర్లేదు. ఒక్కోటి మన వీధికుక్కంతే ఉంటుంది, బలమంతా గుంపులోనే. కొన్ని తరుముతాయి, కొన్ని పక్కనుంచి అడ్డం వస్తాయి. ఊరకుక్కల్లా మొరగవు, ఈల వేసినట్టు కూస్తాయి.

సరిగ్గా అప్పుడు నా జేబులో ఫోన్ మోగింది. మీరే! అడవిలో సిగ్నల్ ఎక్కడిదిలే అని సైలెంట్‌లో పెట్టలేదు. తీస్తుంటే చేయి జారి సీటు కింద పడింది, అక్కడ ఇంకా గట్టిగా మోగింది. వంగి కట్ చేసి లేచేసరికి దుప్పులూ లేవు, కుక్కలూ లేవు. ఎండుటాకుల మీద వడగళ్లు పడ్డట్టు చప్పుడు, అంతలోనే అదీ ఆగింది.

జీపులో ఎవరూ నా ముఖం చూడలేదు. గైడ్ మాత్రం, "ఫోన్ వల్ల కాదు సార్, దుప్పి ముందే చూసింది కదా" అన్నాడు. మర్యాదకే అన్నాడేమో. అయినా ఆ మాటలో నిజం లేకపోలేదు. పులి అంతటిది కూడా వేటకు పోయిన చాలాసార్లు ఖాళీ కడుపుతోనే తిరిగొస్తుంది.

చీకటి పడితే జీపు అడవిలో ఉండకూడదు. తిరిగి వస్తుంటే వెనక ఎక్కడో ఈల వినిపించింది. కాసేపటికి ఇంకో వైపు నుంచి ఇంకొకటి. చెదిరినవి ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నాయన్నాడు గైడ్. వేట దొరికితే ముందు పిల్లల్ని తిననిచ్చి, పెద్దవి పక్కన నిలబడతాయట.

ఇంతకీ మీరు ఫోన్ చేసింది పులి కనిపించిందా అని అడగడానికే కదా? కనిపించలేదు.

మీ తాత