జాతిహననం జరుగుతుంటే బయటి దేశాలు ఏం చేయాలి? నా క్లాసులో వినిపించే అపోహలు

విశాఖలో ఎల్‌ఎల్‌బీ పిల్లలకు అంతర్జాతీయ న్యాయం చెబుతాను. జాతిహననం (జెనోసైడ్) పాఠం వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు లేస్తారు: "పక్క దేశంలో ఊచకోత జరుగుతుంటే చూస్తూ ఊరుకోవాలా మేడమ్?" నేను నోరు తెరిచేలోపే క్లాసు రెండుగా చీలిపోతుంది. సైన్యాన్ని పంపాలనేవాళ్లు ఒకవైపు, మనకెందుకనేవాళ్లు ఇంకోవైపు. ఇద్దరి మాటల్లోనూ అపోహలే ఎక్కువ.

అపోహ: అది వాళ్ల ఇంటి గొడవ.

1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడికతోనే ఈ మాటకు కాలం చెల్లింది. జాతిహననాన్ని నివారిస్తామని, శిక్షిస్తామని దాని మొదటి అధికరణంలోనే దేశాలు మాటిచ్చాయి. భారత్ 1959లో ధ్రువీకరించింది. అమెరికాకు 1988 దాకా తీరలేదు!

ఆ మాటకు బరువెంతో 2007లో తేలింది. బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో 1995 జూలైలో బోస్నియా సెర్బు సేనలు 8 వేలమందికి పైగా బోస్నియా ముస్లిం పురుషులను, అబ్బాయిలను చంపేశాయి. ఆ హత్యలు పక్కనున్న సెర్బియా చేసినవని అంతర్జాతీయ న్యాయస్థానం అనలేదు. కానీ హంతకుల మీద పలుకుబడి ఉండి కూడా ఆపే ప్రయత్నం చేయలేదని తప్పుపట్టింది. ముప్పు ఉందని తెలిసిన క్షణం నుంచి, తెలిసి ఉండాల్సిన క్షణం నుంచి కూడా, బాధ్యత మొదలవుతుందంది. ఎవరి పలుకుబడి ఎంతో వాళ్ల బాధ్యత అంత.

అపోహ: అయితే సైన్యంతో దిగొచ్చన్నమాట.

ఆ తీర్పులోనే సమాధానం ఉంది: ఏం చేసినా చట్టం హద్దుల్లోనే. బలప్రయోగానికి ఐరాస చార్టర్‌లో ఉన్నవి రెండే దారులు, ఆత్మరక్షణ, భద్రతా మండలి అనుమతి. సొంత ప్రజలను ఒక దేశం కాపాడకపోతే ప్రపంచం ఆదుకోవాలన్న ‘రక్షించే బాధ్యత’ను 2005లో ప్రపంచ నేతలు ఒప్పుకున్నప్పుడు కూడా తాళంచెవి మండలి దగ్గరే ఉంచారు. కొసావోలో అల్బేనియన్లపై దాడులు ఆపాలంటూ, అనుమతి లేకుండానే 1999లో అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి నాటో 78 రోజులు యుగోస్లావియాపై బాంబులు వేసింది. అది చట్టవిరుద్ధమే గానీ సమర్థనీయమేనని తర్వాత ఒక స్వతంత్ర కమిషన్ చెప్పింది. పరీక్షలో ఎవరైనా అలా రాస్తే నేను సగం మార్కులే వేస్తాను.

అపోహ: 1971లో మనం వెళ్తే ప్రపంచం మెచ్చుకుంది.

పాక్ జలాంతర్గామి ఘాజీ మునిగిన తీరంలో ఉన్నవాళ్లం కాబట్టి ఇది మాకు ఇంటి కథే. తూర్పు బెంగాల్‌లో (నేటి బంగ్లాదేశ్) పాక్ సైన్యపు మారణకాండ, దాదాపు కోటిమంది శరణార్థులు, అన్నీ నిజమే. అయినా చట్టం ముందు మనకు గట్టి ఆధారం మాత్రం డిసెంబరు 3న పాక్ విమానాలు మన స్థావరాలపై చేసిన దాడి, అంటే ఆత్మరక్షణ. ఆ తర్వాత నాలుగు రోజులకే, కాల్పులు ఆపి సేనలను వెనక్కి తీసుకోవాలని ఐరాస సర్వసభ్య సభ 104-11 ఓట్లతో తీర్మానించింది. మండలిలో మనల్ని కాచింది సోవియట్ వీటో. కంబోడియాలో లక్షలమంది సొంత ప్రజల చావుకు కారణమైన ఖ్మేర్‌రూజ్ ప్రభుత్వాన్ని 1979 జనవరిలో గద్దె దించిన వియత్నాంకైతే ఆంక్షలే మిగిలాయి. ఐరాసలో కంబోడియా సీటు ఏళ్ల తరబడి ఆ హంతకుల ప్రతినిధులకే ఉండిపోయింది. భారత్‌కూ వియత్నాంకూ సొంత లెక్కలున్నాయి, కాదనను. లెక్కలేవీ లేనివాళ్లే రావాలంటే ఎవరూ రారు.

అపోహ: రువాండాలో ఏం జరగబోతోందో ఎవరికీ తెలియదు.

తెలుసు. 1994 జనవరి 11న అక్కడి ఐరాస శాంతి దళం కమాండర్ రోమియో డలైర్ న్యూయార్క్‌కు సందేశం పంపాడు. ఆయుధాలు దాస్తున్నారని, రాజధాని కిగాలిలో మైనారిటీ తెగ టుట్సీల పేర్లు నమోదు చేయిస్తున్నారని, అది చంపడానికేనని లోపలి మనిషి చెప్పాడన్నది దాని సారాంశం. ఆయుధాలు పట్టుకుంటానంటే, అది మీ పరిధి కాదని పైనుంచి జవాబు. ఏప్రిల్ 6న అధ్యక్షుడి విమానం కూలింది, వెంటనే హుటూ అతివాదులు ఊచకోత మొదలుపెట్టారు. మర్నాడే శాంతి దళంలోని పదిమంది బెల్జియం సైనికులను చంపేశారు. బెల్జియం తన దళాన్ని ఉపసంహరించుకుంది. ఏప్రిల్ 21న మండలి ఏం చేసిందో తెలుసా? సుమారు 2,500 మంది ఉన్న దళాన్ని 270కి కుదించాలని తీర్మానించింది. ఆ మండలిలో అప్పుడు రువాండా కూడా సభ్యదేశమే. నరికిస్తున్న ప్రభుత్వపు ప్రతినిధి అదే బల్ల దగ్గర కూర్చున్నాడు.

మే 17న 5,500 మందిని పంపుతామన్నారు, వాళ్లు సమయానికి రాలేదు. వంద రోజుల్లో సుమారు 8 లక్షలమంది పోయారు. చివరికి ఆపింది బయటివాళ్లు కాదు, టుట్సీలు నడిపిన ఆర్‌పీఎఫ్ (రువాండా పేట్రియాటిక్ ఫ్రంట్) తిరుగుబాటు సేన.

నన్ను ఎక్కువగా బాధించేది రేడియో సంగతి. టుట్సీలను బొద్దింకలని పిలుస్తూ చంపమని ఉసిగొల్పిన స్టేషన్‌కు అడ్డుతగలాలని అమెరికాలో ప్రతిపాదన వచ్చింది. ఖర్చు ఎక్కువని, చట్టపరమైన చిక్కులున్నాయని రక్షణ శాఖ పక్కనపెట్టింది. సైన్యాన్ని పంపడానికీ చేతులు కట్టుకోవడానికీ నడుమ ఇలాంటి పనులు ఎన్నో ఉంటాయి. మిగిలిన కొద్దిపాటి దళమే కిగాలిలోని అమహోరో స్టేడియంలో వేలమందికి కాపలా కాసింది.

అపోహ: లక్షల్లో చనిపోతేనే జాతిహననం.

సంఖ్య కాదు, ఉద్దేశం ముఖ్యం. ఒక జాతినో మతాన్నో తెగనో పూర్తిగానో కొంతవరకో తుడిచిపెట్టాలన్న ఉద్దేశం రుజువు కావాలి. అందుకే ఖ్మేర్‌రూజ్ పాలనలో లక్షల్లో చనిపోయినా, ఆ నేతలను విచారించిన కంబోడియా ట్రిబ్యునల్ 2018లో జాతిహననం అన్నది మైనారిటీలైన చామ్ ముస్లింల, వియత్నామీయుల హత్యల విషయంలోనే.

అపోహ: మండలి అనుమతిస్తే ఇక ఇబ్బంది లేదు.

లిబియా చూడండి. 2011 మార్చిలో పౌరుల రక్షణకని అనుమతిచ్చారు, పది దేశాలు అనుకూలం, భారత్ సహా ఐదు తటస్థం. పౌరుల రక్షణ కాస్తా ప్రభుత్వాన్ని దించడంగా మారింది, అక్టోబరుకల్లా పాలకుడు గడాఫీ హతం. అదే నెలలో సిరియా తీర్మానాన్ని రష్యా, చైనా వీటో చేశాయి, లిబియా అనుభవాన్ని రష్యా ఎత్తిచూపింది.

అపోహ: చిన్న దేశాల వల్ల ఏమవుతుంది?

2017లో సైన్యం దాడులకు మయన్మార్ నుంచి 7 లక్షలమందికి పైగా రోహింగ్యా ముస్లింలు పారిపోయారు. అంతకుముందు వచ్చినవాళ్లు హైదరాబాద్ బాలాపూర్‌లో కూడా ఉన్నారు. 2019లో మయన్మార్‌ను అంతర్జాతీయ న్యాయస్థానానికి ఈడ్చింది పొరుగు దేశమేమీ కాదు, ఎక్కడో పశ్చిమాఫ్రికాలోని గాంబియా. రోహింగ్యాలను కాపాడాలని, ఏం చేస్తున్నారో ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలని 2020 జనవరి 23న కోర్టు ఆదేశించింది. ఆ కేసు వేయించిన అప్పటి గాంబియా న్యాయమంత్రి అబూబకర్ తంబదౌ అంతకుముందు రువాండా హంతకులను విచారించిన ఐరాస ట్రిబ్యునల్లో పనిచేసినవాడు. బంగ్లాదేశ్‌లోని శరణార్థి శిబిరానికి వెళ్లి వాళ్ల మాటలు విన్నప్పుడు, తాను అంతకుముందు విన్నవే గుర్తొచ్చాయట.