చిన్న ప్లేయర్, పెద్ద అంకెలు: హై-రెస్ సంగీతం మీద అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడిలో ఇరవై రెండేళ్లుగా సౌండు పని చేస్తున్నాను. పెళ్లిళ్లకూ జాతరలకూ మైకు సెట్టు ఇవ్వడంతో మొదలుపెట్టాను. ఇప్పుడు ఇంటి వెనక గదిలో చిన్న రికార్డింగ్ థియేటర్ కూడా ఉంది. తెలుగు భజనలు, ఒడియా కీర్తనలు, సవర పాటలు, ఏవి వచ్చినా చేస్తాను. గంజాం పల్లెల్లో రాత్రంతా ఆడే ప్రహ్లాద నాటకం రికార్డు చేయడమంటే నాకు ప్రాణం.

గత నెల మా అక్క కొడుకు విశాఖ నుంచి వస్తూ ఒక హై-రెస్ మ్యూజిక్ ప్లేయర్ తెచ్చాడు. హై-రెస్ అంటే సీడీ కంటే పెద్ద అంకెల్లో దాచిన సంగీతం. నౌపడాలో గుణుపురం బండి ఎక్కి దారంతా వింటూ వచ్చాడట. గుమ్మంలో చెప్పులైనా విడవకుండా, "మావయ్యా, ముందు ఇది ఇను. ఇన్నాళ్లూ ఫోన్లో ఇన్నది పాటే కాదు" అన్నాడు.

ఫోను కంటే చిన్నదే కానీ చేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తోంది. అల్యూమినియం ఒళ్లు. పక్కన వాల్యూమ్ చక్రం తిప్పితే ఒక్కో మెట్టూ టక్కుమని వేలికి తగులుతుంది, చూడకుండా జేబులోనే పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. పది నిమిషాలకు కాస్త వెచ్చబడింది. మెమరీ కార్డులోని పాటలన్నీ లెక్కేసుకోవడానికి చాలాసేపు తీసుకుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాక నన్ను మొదట ఆకట్టుకున్నది పాట కాదు, పాటకు ముందున్న నిశ్శబ్దం. నా ఫోను అడాప్టర్లో వినిపించే సన్నటి 'స్స్' ఇందులో లేదు. తర్వాత పాట వచ్చింది. నిండుగా, దగ్గరగా, బాగుంది. నాకూ నచ్చింది.

కానీ మా వాడు ఆ బాగుదనానికి కారణాలు డబ్బా మీది '24 బిట్, 192 కిలోహెర్ట్జ్' అనే అంకెల్లోంచి చదివి చెప్పడం మొదలుపెట్టాడు. అవే మాటలు నా దగ్గరికొచ్చే కుర్రాళ్లందరి నోటా వింటున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "వినగానే తేడా తెలిసిపోతుంది, ఇంక పరీక్షలెందుకు?"

వినగానే తెలిసే తేడాల్లో ఎక్కువ భాగం సౌండు ఎక్కువ తక్కువలదే. ఒకే పాటను రెండుసార్లు వినిపించి, రెండోసారి కొద్దిగా పెంచండి. పెంచామని ఎవరికీ అనిపించదు. "ఇది స్పష్టంగా ఉంది, బేస్ బాగుంది" అంటారు. మన చెవి తీరే అంత. సౌండు తగ్గేకొద్దీ చెవికి బేస్, ట్రెబుల్ మరీ తక్కువగా వినిపిస్తాయి, పెంచితే రెండూ లేచి వస్తాయి.

మా వాడి ప్లేయర్‌నూ నా ఫోన్‌నూ టేబుల్ మీద పెట్టాను. వంద హెర్ట్జ్ టోన్ ఒకటి రెండింట్లోనూ వేసి, ఇయర్‌ఫోన్స్ తగిలించి ఉండగానే మల్టీమీటర్‌తో వోల్టేజీ చూశాను. మామూలు మల్టీమీటర్ తక్కువ ఫ్రీక్వెన్సీలోనే సరిగ్గా చూపిస్తుంది, అందుకే వంద. వాడు వినే వాల్యూమ్‌లో ఫోను 0.31 వోల్టులు, ప్లేయర్ 0.44 వోల్టులు. అంటే ప్లేయర్ 3 డెసిబెల్స్ ఎక్కువగా మోగుతోంది. రెండూ సమానం చేసి మళ్లీ వినిపిస్తే వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆఖరికి "దగ్గరగానే ఉన్నాయి మావయ్యా, కానీ దీంట్లో వెనకాల రొద లేదు" అన్నాడు. ఆ మాట నిజం. ఆ రొద లేకపోవడం మంచి ప్లేయర్ లక్షణం. అయితే దానికీ 192 అనే అంకెకూ సంబంధం లేదు.

అపోహ: "సీడీలో సౌండు మెట్లు మెట్లుగా ఉంటుంది, 192 కిలోహెర్ట్జ్ అయితే నున్నగా ఉంటుంది"

ఈ బొమ్మ మనందరి బుర్రల్లోకి ప్రకటనలే ఎక్కించాయి. చుక్కల ముగ్గును గుర్తు తెచ్చుకోండి. ముందు చుక్కలు పెడతాం, ఆ తర్వాత మెలిక గీత వస్తుంది. చుక్కల మధ్య ఖాళీ ఉన్నంత మాత్రాన ముగ్గు మెట్లుగా రాదు. డిజిటల్ రికార్డింగ్‌లో మనం దాచేది చుక్కల్నే. 192 కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు లక్షా తొంభై రెండు వేల చుక్కలు. శబ్దంలో ఉన్న అతి ఎక్కువ ఫ్రీక్వెన్సీకి రెట్టింపు కన్నా ఎక్కువ వేగంతో చుక్కలు పెడితే, వాటి గుండా వెళ్లగలిగే గీత ఒక్కటే ఉంటుంది. ఇంకోటి కుదరదు. హ్యారీ నైక్విస్ట్, క్లాడ్ షానన్ అనే ఇంజినీర్లు ఇచ్చిన లెక్క ఇది. షానన్ రుజువు 1949లో అచ్చయింది. ప్లేయర్లోని చిప్పు ఆ ఒక్క గీతనే తిరిగి గీస్తుంది. దాని అవుట్‌పుట్‌కు ఆసిలోస్కోప్ పెట్టి చూస్తే నున్నటి అలే కనిపిస్తుంది.

మనిషి చెవి గరిష్ఠంగా 20 కిలోహెర్ట్జ్ వరకు వింటుంది, అదీ చిన్న వయసులో. 1982లో సీడీ వచ్చినప్పుడు 44.1 కిలోహెర్ట్జ్ పెట్టింది ఆ ఇరవైకి రెట్టింపు, పైన కొంచెం జాగా కోసం. 96 పెడితే 48 కిలోహెర్ట్జ్ వరకు పడుతుంది. ఆ పైభాగం గబ్బిలాలకు వినిపిస్తుంది, మనకు కాదు.

లెక్క చెప్పి వదిలేయడం నాకిష్టం ఉండదు, అందుకే పరీక్షా పెట్టాను. నేను 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేసిన ముఖవీణ ముక్క ఒకటి తీసుకున్నాను. దాన్ని సీడీ స్థాయికి, అంటే 16 బిట్, 44.1కి దించి, దించినదాన్ని మళ్లీ 24/96 ఫైల్‌గా మార్చాను. పోయింది పోయినట్టే ఉంటుంది, ఫైల్ రకం మాత్రం ఒకటే అవుతుంది. లేకపోతే స్క్రీన్ మీది అంకె చూసో, పాట మారేటప్పుడు వచ్చే చిన్న విరామం పట్టుకునో కనిపెట్టేయొచ్చు. వాడిని గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి, ఏది అసలుది, ఏది దించినది అని ఇరవై సార్లు అడిగాను. పదకొండు సరిగ్గా చెప్పాడు. తర్వాత వాడు నన్ను అడిగాడు, నేను తొమ్మిది చెప్పాను. నాణెం ఎగరేసినా దాదాపు ఇంతే వస్తుంది.

మా ఇద్దరి చెవులతో లోకాన్ని తేల్చలేం. 2007లో బ్రాడ్ మేయర్, డేవిడ్ మొరాన్ అనే ఇద్దరు అమెరికాలో ఇలాంటి పరీక్షే 554 సార్లు జరిపితే సరైన జవాబులు 49.8 శాతం వచ్చాయి. 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయంలో జాషువా రైస్ 18 అధ్యయనాలు కలిపి చూస్తే 52.3 శాతం తేలింది. శిక్షణ పొందిన చెవులకు ఇంకాస్త మెరుగ్గా వచ్చింది. అంటే తేడా బొత్తిగా లేదని నేననను. ఉన్నా అది నూలుపోగంత. గుమ్మంలో చెప్పులు విడవకుండా చెప్పేటంత కాదు.

అపోహ: "24 బిట్ అంటే పాటలో వివరాలు ఎక్కువ"

బిట్ల పని వేరు. బిట్లు పెరిగితే అడుగున ఉండే రొద ఇంకా కిందికి దిగుతుంది. 16 బిట్లకు ఆ రొద నుంచి అతి పెద్ద శబ్దం దాకా సుమారు 96 డెసిబెల్స్ వెడల్పు దొరుకుతుంది, 24కి లెక్క ప్రకారం 144. ప్రశాంతమైన గదిలో కూడా 30 డెసిబెల్స్ రొద ఉంటుంది. దాని మీద 96 వేస్తే చెవి నొప్పి పుట్టే స్థాయికి వెళ్తాం. అందుకే వినేవాడికి 16 చాలు. ఇక 144 అనేది కాగితం మీదే. అంకెల్ని శబ్దంగా మార్చే మంచి కన్వర్టర్ చిప్పులు కూడా 120 దగ్గరలో ఆగిపోతాయి.

మరి 24 ఎవరికి కావాలంటే నాలాంటి వాళ్లకు. ప్రహ్లాద నాటకంలో గాహకుడు, అంటే కథ నడిపే ప్రధాన గాయకుడు, హార్మోనియం మీద పద్యం అందుకుంటే ఒక్కోసారి గుసగుసలా పాడతాడు. ముందు కూర్చున్న ముసలివాళ్లు కూడా కదలకుండా వింటారు. తెల్లవారుజామున స్తంభం పగిలి నరసింహస్వామి ముఖం (వేషగాడి ముసుగు) బయటికొచ్చే క్షణంలో మృదంగం, తాళాలు ఒక్కసారిగా లేస్తాయి. ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ చేసే మంగళధ్వని హుళహుళి, జనం కేకలు వాటి మీద పడతాయి. ముఖం పెట్టుకున్నవాడు పూనకంతో ఊగుతుంటే నలుగురు పట్టుకుంటారు. ఆ క్షణం ఎంత పెద్దగా ఉంటుందో ముందు చెప్పలేం, మళ్లీ చేయమని అడగలేం. గెయిన్ (మైకు సౌండును రికార్డర్‌లో పెంచే మట్టం) కాస్త ఎక్కువ పెట్టానా, సౌండు పగిలిపోతుంది. పగిలినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా అతకదు. కొత్తలో 16 బిట్ రికార్డర్‌తో ఒక రాత్రి నాకలాగే పోయింది. గాహకుడి గొంతు రొదలో కలిసిపోకూడదని గెయిన్ పెంచి ఉంచాను, నరసింహుడు వచ్చేసరికి మొత్తం గరగరే. ఆ ఊరివాళ్లు ఏడాదంతా ఎదురుచూసిన ఘట్టం అది. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

ఇప్పుడు 24 బిట్‌లో పెట్టి, మామూలు పాటను పైమట్టానికి 20 డెసిబెల్స్ కిందే ఉంచుతాను. గుసగుస తర్వాత పైకి లేపినా అడుగు రొద అడ్డురాదు, హుళహుళికి పైన జాగా ఉంటుంది. మిక్సింగంతా అయ్యాక మీ చేతికిచ్చేది 16 బిట్ అయినా మీరు కోల్పోయేదేమీ లేదు. వడ్లు దంచేచోట రోలు కావాలి, తినే కంచం పక్కన అక్కర్లేదు.

అపోహ: "ఫైల్ పేరులో 24-192 అని ఉంటే అది హై-రెస్సే"

మా వాడికి స్నేహితుడొకడు కార్డు నిండా పాత సినిమా పాటలు నింపి ఇచ్చాడు, అన్నిటి పేర్లలోనూ '24-192' ఉంది. ఒకదాన్ని కంప్యూటర్లో స్పెక్ట్రోగ్రామ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దముందో రంగుల్లో చూపే బొమ్మ) తెరిచి చూపించాను. కింద రంగులు దట్టంగా ఉన్నాయి. సరిగ్గా 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తిపీటతో కోసినట్టు గీత. పైన 96 దాకా అంతా నలుపు. 128 కేబీపీఎస్ ఎంపీ3లు సాధారణంగా అక్కడే తెగుతాయి. అంటే ఎవరో ఎంపీ3ని తీసుకొచ్చి పెద్ద డబ్బాలో పెట్టి పేరు మార్చారు. 24/192లో కుదించకుండా ఉంచితే నిమిషానికి సుమారు 69 ఎంబీ పడుతుంది, సీడీ స్థాయికి పదిన్నర చాలు. ఎఫ్‌ఎల్‌ఏసీ (FLAC) అనే ఫైల్ రకంలో పెడితే నాణ్యత పోకుండా రెండూ తగ్గుతాయి. ఆ కార్డులో సగం నల్లటి ఖాళీయే.

అసలు 1950ల నాటి పాటలు ఫిల్ము మీది సౌండ్ ట్రాకుల్లోంచి, 78 ఆర్‌పీఎం రికార్డుల్లోంచి వచ్చినవి. వాటిలో పైస్థాయి ఫ్రీక్వెన్సీలు మొదటినుంచీ తక్కువే. అరిగిపోని మంచి కాపీ దొరికించుకుని, ఓపికగా సరైన సూదితో ఎక్కించిన పాట మామూలు సీడీ స్థాయిలోనే కన్నీళ్లు తెప్పిస్తుంది. ఒకే పాటకు రెండు విడుదలలుంటే అంకె చూడకండి, ఏది శ్రద్ధగా మాస్టరింగ్ (విడుదలకు ముందు చివరగా సౌండు సరిచేయడం) చేశారో విని ఎంచుకోండి. హై-రెస్ విడుదలలు కొన్ని నిజంగానే బాగుంటాయి. అవి బాగుండేది మాస్టరింగ్ వల్ల.

బ్లూటూత్ సంగతి రెండు మాటల్లో చెప్తాను. 24/96 పాటకు సెకనుకు 4,608 కిలోబిట్లు కావాలి. ఎల్‌డీఏసీ లాంటి మంచి కోడెక్ (పాటను కుదించి పంపే పద్ధతి) కూడా గరిష్ఠంగా 990 పంపుతుంది, కాబట్టి కుదించక తప్పదు. పైగా బ్లూటూత్‌లో శబ్దంగా మార్చే చిప్పు ఇయర్‌ఫోన్స్‌లో ఉంటుంది. మీరు డబ్బు పోసి కొన్న ప్లేయర్ చిప్పు అప్పుడు ఖాళీగా కూర్చుంటుంది. నెక్‌బ్యాండ్‌తోనే వినేవాళ్లు ఈ ప్లేయర్ కొనకండి.

ఇలాంటి ప్లేయర్లలో కొన్నిటికి మామూలు 3.5 మిల్లీమీటర్ల రంధ్రం పక్కన 4.4ది ఇంకోటి ఉంటుంది, అందులో ఎడమ, కుడి వైపుల తీగలు విడివిడిగా ఉంటాయి. "4.4 బ్యాలెన్స్‌డ్ రంధ్రంలో పెడితే సౌండు మారిపోతుంది" అంటారు. అందులో వోల్టేజీ ఎక్కువ, కాబట్టి గట్టిగా మోగుతుంది. మల్టీమీటర్ కథ మళ్లీ చదవండి. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి: ఆ రంధ్రానికి చౌక అడాప్టర్ పెట్టి మామూలు 3.5 జాక్ కలపకండి. రెండు వైపుల నెగెటివ్‌లు ఒకటైపోయి యాంప్లిఫయర్ కాలిపోవచ్చు.

మరి ప్లేయర్ దండగా అంటే, కాదు. వెనకాల రొద ఉండదు. అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (ప్లేయర్ లోపల కరెంటుకు ఎదురయ్యే అడ్డు) తక్కువగా ఉన్న ప్లేయర్ అయితే ఇయర్‌ఫోన్స్ స్వభావం చెడదు. కాల్స్, మెసేజీలు మధ్యలో రావు. మా జిల్లాలో మహేంద్రగిరి వైపు కొండెక్కితే సిగ్నల్ పోతుంది, కార్డులోని పాటలు పోవు. ఇవి చాలు కొనడానికి. అయితే డబ్బు పరిమితంగా ఉంటే ముందు ఇయర్‌ఫోన్స్‌కే పెట్టండి. రెండు ఇయర్‌ఫోన్స్ మధ్య తేడా గోడవైపు తిరిగినా తెలుస్తుంది.

అపోహ: "మంచి ప్లేయర్లో సౌండు పగలదు, కాబట్టి ఎంత పెంచినా చెవికి ఏమీ కాదు"

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇదే. సౌండు పగిలితే మనమే తగ్గిస్తాం. శుభ్రంగా ఉంటే పెంచుతూనే పోతాం. చెవిని దెబ్బతీసేది శబ్దం స్థాయి, అది ఎంతసేపన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ దగ్గర. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ గంటలు సగమవుతాయి: 83కి 20, 86కి 10, 89కి 5. సౌండు బాక్సుల పక్కన, జనరేటర్ల పక్కన గడిపిన రాత్రుల వల్ల నాకిప్పుడు 12 కిలోహెర్ట్జ్ పైన ఏమీ వినిపించదు. మిక్సింగ్‌లో పైభాగం సరిగ్గా ఉందో లేదో మా అమ్మాయిని పిలిచి అడుగుతాను.

మా వాడు రైల్లో వాల్యూమ్ 62 మీద పెట్టుకుని వచ్చాడట. పెట్టె రొదను దాటాలంటే అంత పెంచాలి మరి. వాడి చెవిలో రబ్బరు బుడిపెలు చూస్తే చిన్నవి, వదులుగా ఉన్నాయి. సందుల్లోంచి బేస్ బయటికి పోతోంది, రైలు రొద లోపలికి వస్తోంది. డబ్బాలో వాడు ముట్టుకోని పెద్ద సైజువి తీసి తొడిగాను. చెవిని కాస్త పైకి లాగి, బుడిపెను తిప్పుతూ లోపలికి పెట్టడం చూపించాను. సెట్టింగ్స్‌లో గరిష్ఠ వాల్యూమ్‌కు హద్దు కూడా పెట్టాను.

మూడోరోజు తిరుగు ప్రయాణంలో నౌపడా నుంచి ఫోన్ చేశాడు. "మావయ్యా, అదే పాట, అదే బండి. ఈసారి 41కే సరిపోయింది. ముఖవీణ పక్కన కూర్చున్నట్టుంది."