సోంపేట ఆసుపత్రులు: కంటి శుక్లాల నుంచి కిడ్నీ జబ్బు దాకా

శ్రీకాకుళం జిల్లా తీరప్రాంతమైన ఉద్దానంలో ఎందరినో పీడిస్తున్న కిడ్నీ జబ్బు గురించి మాట వచ్చినప్పుడల్లా సోంపేట పేరు వినిపిస్తుంది. అయితే వైద్యం కోసం చుట్టుపక్కల జనం ఈ ఊరికి రావడం ఆ జబ్బుతో మొదలు కాలేదు. శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, ఒడిశా సరిహద్దుకు చేరువలో ఉన్న ఈ పల్లెలకు విశాఖపట్నంలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరం. కూలి మానుకొని, తోడుగా మరొకరిని వెంటబెట్టుకొని అంత దూరం వెళ్లలేనివారికి దగ్గరి ఆసుపత్రే దిక్కయింది.

అటువంటి వాటిలో మొదట చెప్పుకోవలసింది కెనడా బాప్టిస్టు మిషన్ వారి ఆరోగ్యవరం ఆసుపత్రి. అక్కడ పనిచేసిన డాక్టర్ బెన్ గలిసన్ కంటి ఆపరేషన్లకు పేరుపొందారు. ఆయన విన్నపాన్ని ఆలకించిన కాల్గరీ నగర వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ 1963లో ఈ ఆసుపత్రి కోసం నిధుల సేకరణకు పూనుకోగా, అదే ఆపరేషన్ ఐసైట్ అనే అంతర్జాతీయ సంస్థ అయింది. అంధత్వ నివారణకు కేంద్ర ప్రభుత్వం జాతీయ కార్యక్రమం చేపట్టింది ఆ తరువాత, 1976లో. మన జిల్లా చరిత్రలో ఈ సంగతికి దక్కవలసిన చోటు దక్కలేదని నా అభిప్రాయం. ఆ రోజుల్లో శుక్లం ఆపరేషన్ అంటే కంటిలోని కటకాన్నే పూర్తిగా తీసివేయడం. ఆ తరువాత రోగి రోజుల తరబడి తల కదపకుండా వెల్లకిలా పడుకోవాలి, జీవితాంతం మందపాటి అద్దాలు పెట్టుకోవాలి. గంజి పోసే మనిషి పక్కన ఉండక తప్పని ఆ వైద్యం, ఇంటికి దగ్గరగా ఉంటే తప్ప పేదలకు అందేది కాదు.

ప్రభుత్వ సామాజిక ఆరోగ్య కేంద్రం వేరు. నిబంధనల ప్రకారం అది మైదాన ప్రాంతంలో 1,20,000 మందికి ఒకటి చొప్పున, 30 పడకలతో, కాన్పులకు, శస్త్రచికిత్సలకు, పిల్లల జబ్బులకు ఉద్దేశించినది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీని తొలిగా మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి; పెద్ద ఆపరేషన్ల ఖర్చు దానితో తేలికయింది. కానీ కిడ్నీలు పాడై, యంత్రంతో రక్తాన్ని శుద్ధి చేసే డయాలసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు వెళ్లవలసినవారికి ఖర్చుతో పాటు దూరమూ సమస్యే.

డయాలసిస్ ఒక్కసారికి సుమారు నాలుగు గంటలు పడుతుంది, శుద్ధి చేసిన నీరు 120 లీటర్ల దాకా కావాలి. డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా ముంజేతి దగ్గర ధమనిని, సిరను కలిపి కుట్టిన చోట వేలు ఆనిస్తే జుమ్మని కదలిక తెలుస్తుంది. ఆ చేతికి బీపీ పట్టీ కట్టరు, ఆ చేత్తో బరువు ఎత్తనివ్వరు. కొబ్బరి, జీడి తోటల్లో రెక్కల కష్టం మీద బతికేవారికి ఆ చెయ్యి పోతే సగం కూలి పోయినట్టే. అందుకే సోంపేట, పలాస, కవిటి ఆసుపత్రుల్లో డయాలసిస్ యంత్రాలు పెట్టడం ఈ ప్రాంతానికి పెద్ద మలుపు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కరెంటు స్తంభాలను కూల్చి ఉద్దానాన్ని చీకటిలో ముంచినప్పుడు, ఇటువంటి చోట్ల జనరేటరు, నీటి నిల్వ ఎంత ప్రాణావసరమో తెలిసింది.

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. జబ్బుకు మూలకారణం ఇదమిత్థంగా ఇంకా తేలలేదు. మొదటి దశలలో ఈ జబ్బు పైకి కనిపించదు. కిడ్నీల పనితీరును తెలిపే క్రియాటినిన్ అనే రక్తపరీక్షలోనే బయటపడుతుంది. ఆ పరీక్ష చేయవలసింది పలాసలో కాదు, జ్వరానికో కాన్పుకో మనిషి ముందుగా గడప తొక్కే 30 పడకల ఆసుపత్రిలోనే.